నాయన రాత్రికి ఐదుసార్లు లేస్తున్నాడు, స్కానింగ్‌లో ప్రోస్టేట్ గ్రేడ్ 2 అంటున్నారు. ఆపరేషన్ తప్పదా?

కావలి కుర్రోడు · ఆదివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది కలిగిరి దగ్గర పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం. మా నాయనకి 68 ఏళ్ళు, పొగాకు రైతు.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు రాత్రిళ్ళు పెరటి తలుపు గొళ్ళెం చప్పుడు వినపడుతుంటే లెక్కపెట్టాను. ఐదుసార్లు. వెళ్ళినప్పుడల్లా చాలాసేపు నిలబడతాడు. పొద్దున్నే అడిగితే "వయసురా" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు అమ్మ చెప్పింది, ఏడాదిగా ఇదే వరస అని. పొగాకు వేలానికి తను పోకుండా మా బాబాయిని పంపిస్తున్నాడు. నెల్లూరులో మా మేనత్త కూతురి పెళ్ళికి మోకాళ్ళ నొప్పులని రాలేదు. ఆ మోకాళ్ళతోనే రోజూ చేనంతా తిరిగొస్తాడు.

బతిమాలి కావలి తీసుకెళ్ళి పరీక్షలు చేయించాను. ప్రోస్టేట్ 48 సీసీ, గ్రేడ్ 2 ప్రోస్టేటోమెగలీ. ఒంటికి పోసొచ్చాక మూత్రసంచిలో మిగిలింది 40 ఎంఎల్. పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) 2.6. క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) 1.0. బీపీకి మాత్రలు వాడుతున్నాడు, షుగర్ లేదు.

"గ్రేడ్ టూ" అన్న మాట వినగానే అమ్మ అక్కడే బల్ల మీద కూలబడింది. మా వీధిలో ఒకాయనకి కేన్సర్ గ్రేడ్ 2 అని చెప్పారంట, ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. ఊళ్ళో ఒకరు ఇప్పుడే కోయించెయ్యమంటారు, ఇంకొకరు కోయిస్తే మనిషి పనికి రాడంటారు. నాయన ఏమో ఏదీ వద్దంటాడు. ఎట్టా ముందుకెళ్ళాలో చెప్పండి.

---

వార్డు సిస్టర్ · ఆదివారం, రాత్రి 11:30

తమ్ముడూ, ముందు మీ అమ్మగారికి ఫోన్ చేసి ఈ ఒక్క మాట చెప్పు. స్కానింగ్ కాగితంలో రాసే గ్రేడు సైజుకి సంబంధించింది. కేన్సర్ గ్రేడు పూర్తిగా వేరే, అది ముక్క తీసి పరీక్ష చేస్తేగానీ తేలేది కాదు. నేను నెల్లూరులో యూరాలజీ వార్డులో పదకొండేళ్ళుగా పని చేస్తున్నాను. ఈ మాట దగ్గర ఏడ్చిన ఆడవాళ్ళు ఎంతమందో నాకు లెక్క లేదు.

ప్రోస్టేట్ అంటే మూత్రసంచి కింద ఉండే గ్రంథి. కుర్రతనంలో రాచ ఉసిరికాయంత ఉంటుంది, సుమారు 20 సీసీ. మూత్రం బయటికొచ్చే గొట్టం దాని నడిమధ్య నుంచి వెళ్తుంది. యాభై దాటాక అది మెల్లగా పెరుగుతుంది, గొట్టాన్ని నొక్కుతుంది. నీళ్ళు పారే పైపు మీద కాలేసినట్టు. అరవై ఏళ్ళకి సగం మంది మగవాళ్ళలో ఈ పెరుగుదల ఉంటుంది, ఎనభై దాటితే దాదాపు అందరిలో. కానీ ఉన్నవాళ్ళందరికీ ఇబ్బంది ఉండదు. 80 సీసీతో హాయిగా నిద్రపోయేవాళ్ళని చూశాను, 30 సీసీతో మూత్రం రాక పైపు పెట్టించుకుని వచ్చినవాళ్ళనీ చూశాను.

నీ రిపోర్టులో నేను ముందు చూసేది 48 కాదు, ఆ 40 ఎంఎల్. అది తక్కువే. క్రియాటినిన్ కూడా బాగుంది, అంటే కిడ్నీల మీద భారం పడలేదు. కంగారు పడి ఆపరేషన్ మాట ఎత్తాల్సిన రిపోర్టు కాదిది.

---

కనిగిరి రైతు · సోమవారం, ఉదయం 6:10

చేలో ఉన్నంతసేపు మనకే రోగమూ లేదబ్బా, ఏ గట్టు దగ్గర నిలబడినా సరిపోద్ది. టౌనుకి పోతేనే కష్టం. ఒంగోల్లో ఆఫీసు పని మీద పోయి, బాత్రూం కోసం టిఫిన్ సెంటర్లో దోసె తిన్నాను, ఆకలి లేకపోయినా. ఆ రోజు మూడు దోసెలు, మూడు హోటళ్ళు.

ఒక అనుమానం. మా కనిగిరి నీళ్ళలో ఫ్లోరైడు ఉంది కదా, దానివల్ల కూడా ఈ గ్రంథి వాస్తదా? మా ఊళ్ళో అట్టా అనుకుంటున్నారు.

---

ఒంగోలు మాస్టారు · సోమవారం, ఉదయం 7:45

కుర్రోడా, మీ నాయనగారు "వయసురా" అన్నట్టే నేనూ ఆరేళ్ళు అన్నాను. నా కథ కాస్త పొడుగు, విను.

నాకిప్పుడు 71. రిటైరైన ఏడాదికే ధార సన్నబడింది. మొదలవ్వడానికి నిలబడి నిలబడి, గోడ మీద సున్నం పెచ్చులు లెక్కపెట్టేవాణ్ణి. అయిపోయిందనుకుని బయటికొస్తే పంచె మీద చుక్కలు. ఇంట్లో చెప్పలేదు. స్టాఫ్ రూములో పాతికమందికి వ్యాకరణం చెప్పిన నోటికి ఈ మాట రాలేదు.

ఒకసారి బంధువులతో ఒంగోలు నుంచి తిరుపతి బయల్దేరాం. ముందురోజు జలుబు చేస్తే మెడికల్ షాపులో అడిగి రెండు బిళ్ళలు వేసుకున్నాను. బస్సులో ఆడవాళ్ళు ఉన్నారని ఆపమనలేదు, బిగబట్టుకుని కూర్చున్నాను. గూడూరు దగ్గర ఆపారు. దిగి నిలబడితే ఒక్క చుక్క రాలేదు. నాయుడుపేట వచ్చేసరికి పొత్తికడుపు మద్దెలలాగా బిగుసుకుంది. చెమటలు పట్టి, బస్సు గుంతలో పడితే కేక పెట్టాను. దారిలో ఉన్న ఒక ఆసుపత్రిలో పైపు వేశారు. 900 ఎంఎల్ వచ్చింది. ఆ పైపు వేసిన కుర్రాడి చేతులు పట్టుకుని దండం పెట్టాను, అంత ఉపశమనం.

తర్వాత ఒంగోల్లో పరీక్షలు. నా ప్రోస్టేట్ ఎంతో తెలుసా? 38 సీసీ. మీ నాయనగారి దానికంటే చిన్నది. కానీ క్రియాటినిన్ 2.1. మూత్రం లోపలే నిలవ ఉండి ఉండి కిడ్నీల దాకా ఒత్తిడి వెళ్ళిందన్నారు. పైపు ఉన్న పది రోజుల్లో అది 1.3కి దిగింది. టామ్సులోసిన్ బిళ్ళ ఇచ్చి పైపు తీసి చూశారు, కొంతమందికి దానితోనే మామూలుగా వచ్చేస్తుందట. నాకు సాయంత్రానికి మళ్ళీ బిగుసుకుంది. అప్పుడు ఆపరేషన్ చేయించుకున్నాను, మూత్రం దారిలోంచే చేసే టీయూఆర్‌పీ.

---

చీమకుర్తి లారీ · సోమవారం, ఉదయం 9:05

మాస్టారూ, మీది చదివాక నా కాళ్ళు వణుకుతున్నాయి. నాకు 54. మంటతో జ్వరం వస్తే పోయిన వారం టెస్టులు చేసి పీఎస్ఏ 6.8 అన్నారు. 4 లోపు ఉండాలని కాగితం మీదే రాసుంది. ఇంట్లో చెప్పకుండా లారీ క్యాబిన్లో దాచాను రిపోర్టు.

---

పెన్నా ఒడ్డు డాక్టర్ · సోమవారం, మధ్యాహ్నం 2:20

నేను జనరల్ మెడిసిన్, యూరాలజిస్టుని కాదు. ఇక్కడ రాసేది ఎవరికీ చీటీ కాదు, మీ డాక్టరు దగ్గర అడగడానికి పనికొచ్చే మాటలు.

చీమకుర్తి గారూ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు పీఎస్ఏ చేస్తే పెరిగే వస్తుంది. మూత్రం బిగుసుకున్నప్పుడూ, పైపు వేసిన కొత్తలోనూ అంతే. ముందు ఇన్‌ఫెక్షన్‌కి మందులు పూర్తిగా వాడండి. ఆరేడు వారాలాగి మళ్ళీ చేయించండి. అప్పటికీ ఎక్కువుంటే యూరాలజిస్టు చూడాలి. ఆయన మలద్వారం గుండా వేలితో చేసే పరీక్ష ఒకటుంది, అర నిమిషం. అక్కడ సిగ్గుపడి పారిపోయి వచ్చేవాళ్ళు చాలామంది. గ్రంథి మెత్తగా ఉందా, గడ్డలా గట్టిగా తగులుతోందా అని ఆ వేలు చెప్పే సంగతి కాగితం మీద అంకె చెప్పదు. ఆ రిపోర్టు మాత్రం క్యాబిన్లో వద్దు, మీ ఆవిడకి చూపించండి.

వయసుతో పెరిగే ఈ వాపు కేన్సర్‌గా మారదు. అయితే రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. అందుకే పరీక్ష.

కనిగిరి రైతు గారూ, ఫ్లోరైడు పళ్ళనీ ఎముకల్నీ దెబ్బతీస్తుంది, అది మీ ప్రాంతం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ప్రోస్టేట్ పెరగడానికి మూలం వయసు, మగ హార్మోను. నీళ్ళ మీద అనుమానంతో నీళ్ళు తాగడం మానకండి. మన ఎండల్లో అట్టా మానేసి రాళ్ళు తెచ్చుకుని వస్తుంటారు.

---

మైపాడు మూలికలు · సోమవారం, సాయంత్రం 5:48

ఆపరేషన్లు, బిళ్ళలు ఏవీ అక్కర్లేదు. 41 రోజుల్లో ప్రోస్టేట్ పూర్తిగా కరిగిపోతుంది. పల్లేరు, కొండపిండి, ఇంకో తొమ్మిది రహస్య మూలికలు. వెంటనే సంప్రదించండి: (నంబరు తొలగించబడింది)

---

మోడరేటర్ · సోమవారం, సాయంత్రం 6:02

అమ్మకాలు ఇక్కడ వద్దు. ఇంకోసారి చేస్తే ఖాతా ఆపేస్తాం.

---

పెన్నా ఒడ్డు డాక్టర్ · సోమవారం, రాత్రి 9:15

కొండపిండాకు మా ఇంట్లోనూ వండుతారు, పల్లేరు కషాయం మా తాత తాగాడు. తాగొద్దని నేననను. అది తాగుతున్నాం కదా అని స్కానింగు మానేయొద్దంటాను. విదేశాల్లో కూడా సా పామెట్టో అనే ఒక మొక్క మందు ఈ సమస్యకి విపరీతంగా అమ్ముడుపోయేది. 2006లో 225 మంది మగవాళ్ళ మీద ఏడాదిపాటు పరీక్షించారు, సగం మందికి అది, సగం మందికి ఉత్తుత్తి మందు. తేడా కనపడలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో కూడా కొందరికి తగ్గినట్టు అనిపించింది. ఈ జబ్బు తీరే అంత, కొన్నాళ్ళు దానంతట అది తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. తగ్గిన నెలలో ఏ పొడి వాడుతుంటే ఆ పొడికి పేరొస్తుంది.

---

ఉలవపాడు కోడలు · సోమవారం, రాత్రి 11:40

ఇది రాయాలా వద్దా అని సాయంత్రం నుంచి ఆలోచిస్తున్నా. మా మామయ్యకి 76. రెండేళ్ళ క్రితం రాత్రిళ్ళు పక్క తడవడం మొదలైంది. ఆయన తెల్లారకముందే లేచి దుప్పటి తనే ఉతికి ఆరేసేవారు, మేం చూడకుండా. మంచం మీద యూరియా సంచి పట్టా పరుచుకున్నారు. మా అత్తమ్మ కోప్పడింది, మా ఆయన డైపర్లు తెచ్చి పెట్టాడు. మతిమరుపు మొదలైందేమో అనుకున్నాం. పగలు మాత్రం మాటిమాటికీ వెళ్ళొచ్చేవారు, నొప్పి అని ఒక్కనాడూ అనలేదు.

కాళ్ళు వాచి, అన్నం సహించకపోతే ఒంగోలు తీసుకెళ్ళాం. స్కానింగులో మూత్రసంచి నిండా ఉంది, ఒకటిన్నర లీటరు. రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి. నిండిన కుండ పొర్లినట్టు పైపైన కారుతున్నదే ఆ పక్క తడవడం. అంతా నిండిపోయి కారుతుంటే మేం డైపర్ కట్టాం.

పైపు వేసి, కిడ్నీలు కుదుటపడ్డాక ఆపరేషన్ చేశారు. ఇప్పుడు బాగున్నారు, కిడ్నీ మందులు మాత్రం వాడాలి. పెద్దాయన పక్క తడిపితే తిట్టకండి, ఆ రోజే స్కానింగ్‌కి తీసుకెళ్ళండి.

---

వార్డు సిస్టర్ · మంగళవారం, ఉదయం 6:30

కోడలమ్మా, రాసినందుకు దండం. సాగిపోయిన సంచికి నొప్పి తెలీదు, అందుకే ఈ రకం మోసం చేస్తుంది. మాస్టారికి ఉన్నట్టుండి బిగుసుకుంది కాబట్టి కేక పెట్టారు, బతికిపోయారు.

---

పొదిలి మందుల షాపు · మంగళవారం, ఉదయం 10:20

మాస్టారు జలుబు బిళ్ళల సంగతి చెప్పారు కాబట్టి నా వంతు. జలుబు బిళ్ళల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ కలిపి ఉంటాయి. మొదటిది సంచి మూతిని బిగిస్తుంది, రెండోది సంచి కండరాన్ని మందగింపజేస్తుంది. మామూలు మనిషికి ఏం కాదు. ప్రోస్టేట్ పెరిగినాయనకి మూత్రం బిగుసుకోవడానికి ఇదొక్కటి చాలు. మా కౌంటర్ దగ్గర యాభై దాటినాయన జలుబు బిళ్ళ అడిగితే "ఒంటికి సాఫీగా వస్తుందా" అని అడుగుతాను. కొందరు ఎగాదిగా చూస్తారు. మద్యం తాగడం, మలబద్ధకం కూడా ఇట్టాంటివే.

ఇక ప్రోస్టేట్ బిళ్ళలు రెండు రకాలు, జనం కలిపేసుకుంటారు. టామ్సులోసిన్, సైలోడోసిన్, ఆల్ఫుజోసిన్ ఒక రకం. ఇవి మూతి దగ్గర కండరాన్ని వదులు చేస్తాయి, కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. గ్రంథి తగ్గదు. కొత్తలో లేచి నిలబడితే కళ్ళు తిరగొచ్చు, అందుకే రాత్రి భోంచేశాక వేసుకోమంటారు. మంచం మీద నుంచి దిగ్గున లేవకూడదు. రెండోరకం ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్. ఇవి పెద్ద గ్రంథిని కుదిస్తాయి, సుమారు పావు వంతు. ఆర్నెల్లు ఓపిక పట్టాలి. మూడు వారాలు వాడి "పని చెయ్యలా" అని తిరిగిచ్చేవాళ్ళున్నారు. ఈ రకం వాడుతుంటే పీఎస్ఏ సగానికి పడిపోతుంది, కాబట్టి 2 వస్తే 4 కింద లెక్కగట్టాలి, పరీక్ష చేసేవాళ్ళకి చెప్పాలి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు పగిలిన బిళ్ళని ముట్టుకోకూడదు. వీటితో కోరిక కొంచెం తగ్గొచ్చు, మొదటి రకంలో సైలోడోసిన్‌తో వీర్యం బయటికి రాకపోవచ్చు. చెప్పకపోతే మనుషులు హడలిపోయి అన్నీ ఒకేసారి మానేస్తారు.

కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళు టామ్సులోసిన్ వాడుతున్నట్టు, గతంలో వాడినా సరే, కంటి డాక్టరుకి ముందే చెప్పాలి. ఆపరేషన్లో కంటిపాప సరిగ్గా విప్పుకోక ఇబ్బంది పెడుతుంది. ముందే తెలిస్తే వాళ్ళు జాగ్రత్త పడతారు.

---

కావలి కుర్రోడు · మంగళవారం, రాత్రి 9:50

అందరికీ థాంక్స్. కోడలక్క రాసింది చదివి అమ్మకి ఫోన్ చేసి పక్క తడుస్తోందా అని అడిగాను. లేదంది. ఊపిరి పీల్చుకున్నాను.

నాయన కొంచెం దారికొచ్చాడు. డాక్టరు దగ్గరికొస్తాను గానీ ఏళ్ళ తరబడి బిళ్ళలు మింగను, కత్తి పెట్టనివ్వను అంటున్నాడు. మాస్టారూ, ఆపరేషన్ ఎలా ఉంటుందో కొంచెం చెప్పండి, ఆయనకి చదివి వినిపిస్తా. సిస్టర్, అప్పటిదాకా ఇంట్లో చేయగలిగింది ఏమన్నా ఉందా?

---

వార్డు సిస్టర్ · మంగళవారం, రాత్రి 10:35

ఉంది. మూడు రోజులు కొలిపించు. ఎంఎల్ గీతలున్న మగ్గు ఒకటి, ఒక నోటు పుస్తకం. ఎన్నింటికి వెళ్ళాడు, ఎంత వచ్చింది, ఎన్నింటికి ఏం తాగాడు. పడుకున్న టైము, లేచిన టైము. లేవగానే పోసేది కూడా రాత్రి లెక్కలోకే వేసుకోవాలి. డాక్టరుకి సైజు కంటే ఈ పుస్తకమే ఎక్కువ చెప్తుంది.

ఏడు ప్రశ్నల కాగితం కూడా ఒకటుంటుంది, ఏ ఆసుపత్రిలోనైనా ఇస్తారు. మొత్తం 35 మార్కులు. 7 దాకా తేలిక, 8 నుంచి 19 మధ్యరకం, 20 నుంచి పైన గట్టిదే. ఇక్కడ తక్కువ వస్తేనే పాసు. ఆఖర్న ఇంకో ప్రశ్న ఉంటుంది: ఇక మీదట ఇలాగే బతకాలంటే ఎలా అనిపిస్తుంది అని. పెద్దవాళ్ళు అక్కడ చాలాసేపు ఆగుతారు.

ఒంటికి పోశాక ఒక నిమిషం ఆగి ఇంకోసారి ప్రయత్నించమను. తర్వాత పడే చుక్కలకి చిన్న ఉపాయం, వృషణాల వెనక వేళ్ళతో నొక్కి ముందుకి తోస్తే గొట్టంలో ఉన్నది అక్కడే వచ్చేస్తుంది. పంచె తడవదు. పెరట్లోకి దారిలో లైటు పెట్టండి, లేకపోతే మంచం పక్కన యూరిన్ డబ్బా. మా ఆసుపత్రికి తుంటి విరిగి వచ్చే పెద్దాయనల్లో రాత్రి ఒంటికి లేచి పడినవాళ్ళు తక్కువేం కాదు.

---

ఒంగోలు మాస్టారు · బుధవారం, ఉదయం 8:00

మీ నాయనగారికి ఇది చదివి వినిపించు. అయ్యా, కత్తి కాదు, కోత లేదు, కుట్లు లేవు. నడుముకి ఇంజెక్షన్ ఇస్తారు, కింద సగం మొద్దుబారుతుంది. మూత్రం దారిలోంచే కెమెరా ఉన్న గొట్టం పంపి, అడ్డుగా పెరిగినదాన్ని కరెంటు తీగతో సన్నసన్న ముక్కలుగా చెక్కి తీస్తారు. గంటా గంటన్నర. నాకు మెలకువగానే ఉంది, టీవీలో చూడమంటే కళ్ళు మూసుకున్నాను. ఆ ముక్కల్ని పరీక్షకి పంపితే కేన్సర్ లేదని వచ్చింది.

తర్వాత రెండు రోజులు లావుపాటి పైపు, దాని గుండా బాటిళ్ళ కొద్దీ సెలైన్ లోపలికీ బయటికీ. మొదట ఎర్రగా, తర్వాత గులాబీ రంగు, తర్వాత తేట. మూడో రోజు పైపు తీశారు. ఆ మొదటి ధార చప్పుడు నా జీవితంలో మర్చిపోను. గ్రంథి మరీ పెద్దదైతే హోలెప్ అని లేజర్‌తో తొనలు ఒలిచినట్టు ఒలిచి తీసే పద్ధతి ఉంది.

నా తప్పు ఒకటి చెప్తాను. ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు. మూడో వారం బాగానే ఉంది కదా అని గ్యాస్ బండ పక్కకి జరిపాను. సాయంత్రానికి ఎర్రగా, గడ్డలు గడ్డలుగా. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ పైపు, మా ఆవిడ తిట్లు.

"పనికి రాడు" అనే మాట గురించి. దాంపత్యానికి అడ్డం లేదు. అయితే ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువ మందికి వీర్యం బయటికి రాకుండా సంచిలోకి వెళ్ళి, తర్వాత మూత్రంలో పోతుంది. హాని లేదు. పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవాళ్ళు ముందే అడగాలి. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, కొన్నాళ్ళు ఊరికే దిగులుపడ్డాను.

ఖర్చు భయం ఉంటే ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దాని కింద టీయూఆర్‌పీ ఉంది. ఆ పథకం ఉన్న ఆసుపత్రిలో పథకం పని చూసేవాళ్ళని కలిస్తే కార్డు చూసి చెప్తారు.

---

కనిగిరి రైతు · బుధవారం, ఉదయం 8:25

మాస్టారూ, మీరు పాఠం చెప్తుంటే పిల్లలు ఏడ్చేవాళ్ళా నవ్వేవాళ్ళా? నేను రెండూ చేశాను. ఏడు ప్రశ్నల కాగితం మా మనవడు ఫోన్లో చూపించాడు, నాకు 17 వచ్చింది. వచ్చే వారం పోతున్నా.

---

కావలి కుర్రోడు · శనివారం, రాత్రి 8:40

సిస్టర్, పుస్తకం వచ్చింది. అమ్మ ఫొటోలు పంపింది. నాయన పొగాకు బేళ్ళ లెక్క రాసే పుస్తకంలోనే వెనకనుంచి రాశాడు. కొత్త ప్లాస్టిక్ మగ్గు కొనిచ్చి వచ్చాను. రెండో రోజు లెక్క ఇది.

పగలు మొత్తం 950. రాత్రి 11 గంటలకి 240, ఒంటిగంటకి 260, రెండున్నరకి 230, నాలుగుకి 220, లేచాక 200. రాత్రిది మొత్తం 1,150. మిగతా రెండు రోజులూ ఇంచుమించు ఇంతే.

తాగింది: సాయంత్రం ఆరుకి టీ, ఏడున్నరకి అన్నంతో మజ్జిగ రెండు గ్లాసులు, పడుకునేముందు చెంబెడు నీళ్ళు. చెంబెడు ఎందుకంటే బీపీ మాత్రలు వేసుకోవాలంట.

---

పెన్నా ఒడ్డు డాక్టర్ · శనివారం, రాత్రి 10:10

ఈ పుస్తకం పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, రిపోర్టుల కంటే ముందు ఇదే బల్ల మీద పెట్టండి.

రోజు మొత్తంలో సగానికి పైగా రాత్రే వస్తోంది. ఈ వయసులో మూడో వంతు లోపు ఉండాలి. ఇంకోటి చూడండి, వెళ్ళినప్పుడల్లా 200కి తగ్గకుండా వస్తోంది. ప్రోస్టేట్ వల్లో సంచి వల్లో అయితే మాటిమాటికీ కొంచెం కొంచెం, యాభయ్యో ఎనభయ్యో వచ్చేది. ఇక్కడ సంచి బాగానే పట్టి ఉంచుతోంది, రాత్రిపూట కిడ్నీలే ఎక్కువ తయారు చేస్తున్నాయి. ధార సన్నం, ఆలస్యం అనేవి ప్రోస్టేట్ సంగతి. ఐదుసార్లు లేవడంలో మాత్రం ఎక్కువ వాటా దానిది కాదేమో.

రెండు ప్రశ్నలు. ఆ బీపీ మాత్రల పేర్లేంటి? సాయంత్రానికి పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడుతోందా?

---

కావలి కుర్రోడు · ఆదివారం, ఉదయం 11:15

ఆమ్లోడిపిన్ ఒకటి. ఇంకోటి హైడ్రోక్లోరోథయాజైడ్. రెండూ రాత్రే వేసుకుంటున్నాడు. పగలు చేలో మర్చిపోతున్నాడని అమ్మే రాత్రికి మార్చింది, రెండేళ్ళయింది. పాదాలకి గుంట పడుతోందంట. చెప్పుల వారు అచ్చు దిగుతోందంది.

---

పెన్నా ఒడ్డు డాక్టర్ · ఆదివారం, మధ్యాహ్నం 12:40

రెండోది ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే మాత్ర. రాత్రి వేసుకుంటే రాత్రే లేపుతుంది. ఆమ్లోడిపిన్‌తో కొందరికి కాళ్ళు వాస్తాయి. పగలంతా కాళ్ళలోకి దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి వచ్చి కిడ్నీల ద్వారా పోతుంది. మీ అంతట మీరు మాత్రలు మార్చకండి, ఆపకండి. రాసిచ్చిన డాక్టరునే అడగండి, టైము మార్చొచ్చా, మాత్రే మార్చాలా అని. కాళ్ళ వాపుకి గుండె, కిడ్నీ కారణాలు లేవని కూడా ఆయన చూసుకోవాలి. గట్టిగా గురక పెడతాడా అన్నది కూడా చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుతో కూడా రాత్రి మూత్రం పెరుగుతుంది.

మధ్యాహ్నం ఒక గంట కాళ్ళు దిండు మీద ఎత్తి పెట్టుకోమనండి. నీళ్ళు పొద్దున, మధ్యాహ్నం బాగా తాగి, సాయంత్రం ఆరు తర్వాత తగ్గించాలి. మాత్రకి చెంబెడు అక్కర్లేదు, అర గ్లాసు చాలు.

---

చీమకుర్తి లారీ · రెండు నెలల తర్వాత, గురువారం, రాత్రి 7:30

మందులు పూర్తయ్యాక ఏడు వారాలకి మళ్ళీ చేయించాను. 2.1. వేలి పరీక్ష కూడా అయింది, మెత్తగానే ఉందన్నారు. మా ఆవిడకి ఆ రోజే చెప్పాను. క్యాబిన్లో ఇంకేం దాచావని అడుగుతోంది.

---

కావలి కుర్రోడు · శుక్రవారం, రాత్రి 9:20

మాదీ చెప్తాను. నెల్లూరులో యూరాలజిస్టుకి చూపించాం. ధార వేగం పరీక్ష చేశారు, సెకనుకి 12 ఎంఎల్ వచ్చింది. 15 దాటితే మంచిది, 10 లోపు అయితే అడ్డం గట్టిగా ఉందనుకోవచ్చన్నారు. ఏడు ప్రశ్నలకి 14. ఆపరేషన్ ఇప్పుడు అవసరం లేదు. టామ్సులోసిన్ 0.4 రాశారు, రాత్రి భోజనం తర్వాత. ఆర్నెల్లకి మళ్ళీ స్కానింగ్.

బీపీ డాక్టరు ఆ నీటి మాత్ర పొద్దునకి మార్చి, ఆమ్లోడిపిన్ బదులు వేరేది ఇచ్చారు. గుండె పరీక్ష బాగుంది. ఇప్పుడు రాత్రికి రెండుసార్లు, ఒక్కోరోజు ఒకసారి. పాదాల వాపు లేదు. నాయన పక్కనే ఉన్నాడు, ఏదో రాస్తానంటున్నాడు, ఫోన్ ఇస్తున్నా.

---

కావలి కుర్రోడు · శుక్రవారం, రాత్రి 9:41

నేను వాడి నాయన్ని. మావాడు ఐదుసార్లని రాశాడు, నాలుగే. ఒకసారి గేదె అరిస్తే లేచాను. రెండోది, మగ్గు కొనిచ్చానన్నాడు. కొనిచ్చినదాంట్లో గీతలు చెరిగిపోయి కనపడలేదు. నేను కొలిచింది చేలో పురుగుమందు కొలిచే గ్లాసుతో. బాగా తోమే వాడాను. అయిపోయాక చెప్తే మా ఇంటిది దాన్ని దిబ్బలో పారేసింది. ఇప్పుడు పొగాకుకి మందు కొట్టాలంటే నా దగ్గర గ్లాసు లేదు.